కువైట్ క్యాసెట్‌లో ఉన్న టామ్ అండ్ జెర్రీ, యాప్‌లో ఉన్న టామ్ అండ్ జెర్రీ ఒకటి కాదా?

రాజోలు_శ్రీను | ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. పోయిన వారం అటక మీద సామాన్లు దింపుతుంటే వీడియో క్యాసెట్ల పెట్టె ఒకటి బయటపడింది. మా మావయ్య 1989లో కువైట్ నుంచి తెచ్చినవి. అందులో ఒకటి టామ్ అండ్ జెర్రీ. మా వీధిలో వీసీపీ (క్యాసెట్లు ఆడించే ప్లేయర్) మా ఇంట్లోనే ఉండేది కాబట్టి సెలవొస్తే పిల్లలంతా మా వరండాలోనే ఉండేవాళ్ళు. ఆ క్యాసెట్ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ వస్తుందో ఇప్పటికీ చెప్పగలను.

మా పాపకి తొమ్మిదేళ్లు. డబ్బు కట్టి తీసుకున్న యాప్‌లో అవే కార్టూన్లు చూస్తోంది. పక్కన కూర్చుని చూస్తే బొమ్మ అద్దంలా ఉంది, రంగులు బాగున్నాయి. కానీ నాకు మూడు చోట్ల తేడా కొట్టింది. కాళ్ళూ చెప్పులూ మాత్రమే కనిపించే ఆవిడ ఉంటుంది కదా, "థామస్!" అని కేకేసే ఆవిడ. మేం ఆవిడే ఇంటి యజమానురాలు అనుకునేవాళ్ళం. ఆవిడ గొంతు మారిపోయింది. సంగీతం కూడా కాస్త నెమ్మదిగా, బరువుగా వినిపిస్తోంది. ఇక ఇల్లంతా బొగ్గుతో నిండిపోయే కథ యాప్‌లో అసలు లేనే లేదు.

నా జ్ఞాపకమే తప్పా? లేక నిజంగానే మార్చారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కరీంనగర్_సాయి | ఆదివారం, రాత్రి 9:05

అన్నా, ముందు ఒక మాట. ఆ క్యాసెట్‌ని ప్లేయర్‌లో పెట్టొద్దు. లైటు కింద పట్టుకుని, పైన ఉండే చిన్న కిటికీలోంచి చుట్టిన టేపు అంచు చూడండి. నల్లగా నున్నగా ఉంటే మంచిదే. పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే బూజు పట్టినట్టు. మీది గోదావరి జిల్లా, గాలిలో తేమ ఎక్కువ. ఆ బూజుతో ఆడిస్తే టేపు తెగొచ్చు, ప్లేయర్ హెడ్ పాడవుతుంది, ఆ తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కి కూడా అంటుకుంటుంది.

రీలుపిచ్చి | ఆదివారం, రాత్రి 10:50

శ్రీను గారూ, మీ జ్ఞాపకం తప్పు కాదు. మూడూ నిజాలే, మూడింటికీ మూడు వేరు వేరు కారణాలు.

సంగీతం సంగతి ముందు చెప్తా, ఇది చాలామందికి తెలియదు. సినిమా ఫిల్మ్ సెకనుకి 24 బొమ్మలు. మన దేశంలో, కువైట్‌లో, బ్రిటన్‌లో టీవీ పాల్ పద్ధతిలో ఉండేది, అంటే సెకనుకి 25. ఫిల్మ్‌ని పాల్ టేపు మీదకి ఎక్కించేటప్పుడు ఆ ఒక్క బొమ్మ తేడా సరిపెట్టడానికి మొత్తాన్ని నాలుగు శాతం వేగంగా నడిపేసేవాళ్ళు. ఏడు నిమిషాల కార్టూన్ 6 నిమిషాల 43 సెకన్లలో అయిపోతుంది. శ్రుతి కూడా పెరుగుతుంది, హార్మోనియం మీద పక్క మెట్టుకి కొంచెం తక్కువ దూరం. కాబట్టి యాప్‌లో మీరు వింటున్నదే స్కాట్ బ్రాడ్లీ స్వరపరిచిన అసలు వేగం. మీ చెవి అలవాటు పడింది కువైట్ వేగానికి. అయితే పాల్ టేపులన్నీ ఇలా ఉండవు. అమెరికా టేపు నుంచి మార్చి కాపీ తీసినవి మామూలు వేగంలోనే ఉంటాయి.

ఇక గొంతు. ఆ పాత్రకి మొదట గొంతు ఇచ్చినావిడ లిలియన్ రాండాల్ఫ్, నల్లజాతి నటి. 1960ల్లో అమెరికా టీవీ కోసం కార్టూన్ దర్శకుడు చక్ జోన్స్ బృందం ఆ పాత్రనే చెరిపేసి, ఆమె స్థానంలో ఒక తెల్లావిడ బొమ్మ గీసి, జూన్ ఫోరే చేత మాటలు చెప్పించింది. 1990ల్లో మళ్ళీ పాత బొమ్మనే ఉంచి, థియా విడేల్ అనే నల్లజాతి నటి చేత కొత్తగా చెప్పించారు, యాస తగ్గించడానికి. అంటే ఒకే సన్నివేశానికి మూడు రూపాలు. మీ యాప్‌లో ఉన్నది మూడోది అయి ఉంటుంది. మీ క్యాసెట్‌లో మొదటిది ఉంటే దాన్ని జాగ్రత్తగా దాచండి.

బొగ్గు కథ 1948 నాటి 'మౌస్ క్లీనింగ్'. చివర్లో టామ్ ఒళ్ళంతా బొగ్గుతో నల్లబడి, నల్లవాళ్ళని వెక్కిరించే ధోరణిలో మాట్లాడతాడు. ఈ ఒక్క దానిమీద పెద్ద గొడవే జరిగింది. 1940 నుంచి 1958 వరకు దర్శకులు హన్నా, బార్బెరా ఎమ్‌జీఎమ్ స్టూడియోలో తీసిన టామ్ అండ్ జెర్రీలు మొత్తం 114. వాటిని వరుసగా బ్లూరేలో తెస్తామని 2011లో 37 కార్టూన్లతో మొదటి భాగం వేశారు. 2013లో రావాల్సిన రెండో భాగంలోంచి దీన్నీ, 'కాసనోవా క్యాట్'నీ తీసేశారని తెలిసి అభిమానులు తిరగబడ్డారు. చివరికి ఆ రెండో భాగమే ఆగిపోయింది.

అనూరాధ_టీచర్ | సోమవారం, ఉదయం 6:30

నేను ఆరో తరగతి పిల్లలకి చెప్తాను, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. నా అభిప్రాయం వేరు. పిల్లలకి ఆ సీన్లు తీసేసిందే చూపించాలి. ఒళ్ళు నల్లగా ఉంటే నవ్వొచ్చే విషయం అని ఏడేళ్ల పిల్లకి చెప్పక్కర్లేదు. మన ఇళ్ళల్లోనే నలుపు గురించి ఎన్ని మాటలు వింటున్నాం? మా క్లాసులో ఒక పాపని పిల్లలు రంగు పేరుతో పిలిస్తే ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు. ఒరిజినల్ ఒరిజినల్ అని మనం మురిసిపోయేటప్పుడు ఆ పాప పక్కన కూర్చుని చూస్తోందని అనుకోండి.

రీలుపిచ్చి | సోమవారం, ఉదయం 9:15

అనూరాధ మేడమ్, పిల్లల విషయంలో మీతో వాదన లేదు. చిన్నపిల్లలకి నేనైనా అది పెట్టను.

కానీ తీసేయడం వేరు, లేకుండా చేయడం వేరు. లిలియన్ రాండాల్ఫ్ విషయమే చూడండి. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో నల్లజాతి నటులకి దొరికిన పనే తక్కువ. ఆ కొంచెం పనిలో ఆమె గొంతు ఈ కార్టూన్లలో నిలిచింది. టామ్‌ని తిట్టేటప్పుడు ఆవిడ ఊపిరి తీసుకునే తీరు, చివరి అక్షరం సాగదీసే తీరు వింటే ఎంత మంచి నటో తెలుస్తుంది. మంచి ఉద్దేశంతోనే మార్చారు, కానీ చెరిగిపోయింది మాత్రం ఆవిడ పనే. పాత కార్టూన్ల డీవీడీలు కొన్నింటిలో వాటిని విడుదల చేసిన వార్నర్ కంపెనీ వాళ్ళు మొదట ఒక హెచ్చరిక వేశారు. ఈ చిత్రణలు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే, కానీ దాచేస్తే ఆ వివక్ష అసలు లేనే లేదన్నట్టు అవుతుందని దాని సారాంశం. నాకు ఆ పద్ధతి నచ్చింది. పెద్దవాళ్ళకి హెచ్చరికతో అసలుది, పిల్లలకి తగినది. రెండూ దొరకాలి.

అనూరాధ_టీచర్ | సోమవారం, ఉదయం 9:40

ఆ నటి సంగతి నాకు తెలియదండీ. చదివాక కాసేపు అలా ఉండిపోయాను. పిల్లల విషయంలో మాత్రం నా మాట అదే.

ఫ్రిస్కో_వేణు | సోమవారం, రాత్రి 7:20

టెక్సాస్ నుంచి. ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. మా అబ్బాయికి లూనీ ట్యూన్స్ అంటే ప్రాణం. హెచ్‌బీఓ మ్యాక్స్ యాప్‌లో ఉండేవి. 2022 చివర్లో ఒక్కసారిగా 256 కార్టూన్లు ఎత్తేశారు. మిగిలినవి చూస్తున్నాం కదా అనుకుంటే 2025 మార్చిలో పాతవి మొత్తం తీసేశారు. వాడు రిమోట్ పట్టుకుని "నాన్నా, బగ్స్ బన్నీ ఎక్కడికెళ్ళాడు?" అని వెతుక్కుంటుంటే నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత వేరే చోట వచ్చాయి, అది వేరే విషయం. నెలనెలా కడుతున్నాం కదా మన దగ్గర ఉన్నట్టే అనుకుంటాం. అద్దె ఇంట్లో మామిడిచెట్టు లాంటిది అది, కాయలు కోసుకునే వరకే మనది.

అప్పటి నుంచి నచ్చినవి డిస్కుల్లో కొంటున్నాను.

కరీంనగర్_సాయి | సోమవారం, రాత్రి 9:30

వేణు అన్నా, ఒప్పుకుంటా. కానీ పాత రికార్డింగే ఒరిజినల్ అనుకోవడం కూడా కరెక్ట్ కాదు. నా దగ్గర 2007 నుంచి 2011 దాకా టీవీ ట్యూనర్ కార్డుతో కేబుల్ నుంచి రికార్డ్ చేసినవి రెండు హార్డ్ డిస్కులున్నాయి. పెద్ద పిచ్చి నాకు. ఇంటర్ చదివేటప్పుడు రికార్డింగ్ పెట్టి కాలేజీకి పోయేవాణ్ణి, కరెంట్ పోతే ఫైల్ సగంలో ఆగేది.

1954 నుంచి టామ్ అండ్ జెర్రీలు చాలావరకు సినిమాస్కోప్‌లో తీశారు, 'పెట్ పీవ్' మొదటిది. అంటే వెడల్పు తెర. మన పాత టీవీ దాదాపు చదరం. కేబుల్‌లో వచ్చినప్పుడు పక్కలు రెండూ కోసేసి మధ్య ముక్క వేసేవాళ్ళు. దాదాపు సగం బొమ్మ పోయేది! జెర్రీ ఎడమ మూల నుంచి పరిగెత్తుకొస్తుంటే మనకి టామ్ ముఖం ఒక్కటే కనిపించేది. అది నేను మొన్న యాప్‌లో పూర్తి వెడల్పుతో చూసినప్పుడు తెలిసింది. పదిహేనేళ్లుగా సగం కార్టూనే చూశానన్నమాట.

రీలుపిచ్చి | సోమవారం, రాత్రి 10:10

సాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇప్పుడు దానికి తలకిందుల తప్పు జరుగుతోంది. పాత చదరపు కార్టూన్‌ని కొత్త వెడల్పు టీవీకి సరిపెట్టడానికి పైనా కిందా కోస్తారు. అలా కోస్తే సరిగ్గా పావు వంతు బొమ్మ పోతుంది. 2019లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు ద సింప్సన్స్ పాత భాగాల్ని ఇలాగే వేశారు. అందులో ఒక చోట మూడు రకాల బీరు పీపాలుంటాయి, పేర్లు వేరు. పైన చూస్తే మూడింటిలోకీ ఒకే గొట్టం నుంచి బీరు వస్తుంటుంది. పైభాగం కోసేసరికి ఆ గొట్టం పోయింది, జోకూ పోయింది. జనం గట్టిగా అడిగితే 2020 మేలో పాత ఆకారంలో చూసే వీలు పెట్టారు. అడిగితే మారుస్తారు అనడానికి ఇదొక్కటి చాలు.

ఇంకో జబ్బు ఉంది. దుమ్ము, గీతలు పోగొట్టడానికి కంప్యూటర్‌తో శుభ్రం చేస్తారు. గీసిన బొమ్మల్లో వేగంగా కదిలే సన్నటి గీతని కూడా ఆ మెషిన్ దుమ్మే అనుకుంటుంది. టామ్ మీసాల దగ్గర ఆపి చూడండి. పాత డీవీడీలు కొన్నింటిలో పరిగెత్తేటప్పుడు మీసాలు మాయమై, ఆగగానే తిరిగొస్తాయి. ఎవరో మనిషి కూర్చుని, కలం పట్టుకుని, ఒక్కో ఫ్రేముకీ గీసిన మీసం అది. నాకు కోపం వచ్చేది అక్కడే. సీను కత్తిరించడానికి కనీసం ఎవరో ఆలోచించి నిర్ణయం తీసుకున్నారు. ఈ మీసం మాత్రం ఎవరూ చూడకుండానే పోయింది.

గుంటూరు_లాయర్ | మంగళవారం, ఉదయం 11:00

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. మన కాపీరైట్ చట్టం, 1957, సెక్షన్ 26 ప్రకారం సినిమాకి గడువు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1958లో వచ్చిన కార్టూన్‌కి ఆ లెక్క 2018తో పూర్తవుతుంది. అమెరికాలో ఆ కాలం నాటి వాటికి 95 ఏళ్లు, కాబట్టి వేణు గారు మన లెక్క అక్కడ వాడకూడదు. 1940 కార్టూన్‌కి అక్కడ 2035 చివరి దాకా హక్కు ఉంటుంది.

కానీ కార్టూన్ పాతదైనంత మాత్రాన దాని తెలుగు డబ్బింగ్ పాతది కాదు. 2009లో తెలుగు మాటలు రికార్డ్ చేస్తే ఆ శబ్దానికి గడువు అప్పటి నుంచి లెక్క. టీవీ ప్రసారానికి సెక్షన్ 37 కింద ఇంకో 25 ఏళ్ల హక్కు విడిగా ఉంది. సొంతంగా చూసుకోవడానికి, పరిశోధనకి వాడుకోవడం వేరు, నెట్‌లో అందరికీ పెట్టడం వేరు. కాబట్టి ఇక్కడ లింకులు మాత్రం పెట్టకండి.

భ్రమరాంబ_కె | మంగళవారం, మధ్యాహ్నం 3:25

ఇన్నాళ్లూ చదవడమే, ఇదే మొదటిసారి రాయడం. లాయర్ గారు తెలుగు డబ్బింగ్ అనగానే రాయాలనిపించింది.

మా పిన్ని చెన్నైలో డబ్బింగ్ చెప్పేది. సీరియళ్ళకి, సినిమాల్లో గుంపు మాటలకి, ఆ తర్వాత పిల్లల ఛానెళ్ళు తెలుగులో వచ్చాక కార్టూన్లకి. ఒక కార్టూన్‌లో ముసలావిడ పాత్ర రెండేళ్లు చెప్పింది. పేరు రాయొద్దంది, అందుకే రాయట్లేదు. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా చిన్న గదిలో, చెవులకి హెడ్‌ఫోన్, ఎదురుగా తెర. ఏసీ చప్పుడు మైకులో పడుతుందని టేకు తీసేటప్పుడల్లా ఆపేసేవాళ్ళట. బొమ్మ నోరు మూసేలోపు తెలుగు వాక్యం అయిపోవాలి. మన క్రియ చివర్లో వస్తుంది కదా, అందుకే వాక్యాన్ని తిప్పి రాసుకునేది. పాత డైరీల్లో ఆ తిప్పిరాసిన మాటలు ఇంకా ఉన్నాయి.

ఆ కార్టూన్ ఇప్పుడు ఒక యాప్‌లో ఉంది. ఇంగ్లీషు ఉంది, హిందీ ఉంది. తెలుగు లేదు. పిన్ని దగ్గర ఒక్క ఎపిసోడ్ కూడా లేదు. అప్పట్లో కాపీ అడగడం అనే ఆలోచనే ఎవరికీ లేదు. టీవీలో వస్తుంది కదా అనుకున్నాం. పిన్నికి ఇప్పుడు 71 ఏళ్లు. ఎవరైనా రికార్డ్ చేసుకున్నారా అని అడగడానికే ఈ పోస్టు. ఎక్కడా పెట్టం, ఆవిడకి వినిపిస్తే చాలు.

రీలుపిచ్చి | మంగళవారం, సాయంత్రం 5:00

భ్రమరాంబ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇది పిన్ని గారి ఒక్కరి విషయం కాదు. డబ్బింగ్ చేయించుకునేది సాధారణంగా ఛానెల్. కార్టూన్ ప్రసారం చేసే హక్కు గడువు తీరగానే బొమ్మ నిర్మాత దగ్గరికి వెళ్ళిపోతుంది, తెలుగు శబ్దం ఛానెల్ టేపుల గదిలో ఉండిపోతుంది. యాప్ వాళ్ళు నిర్మాత దగ్గర కొంటారు, అక్కడ తెలుగు ఉండదు. ఆ గొంతులు చెప్పినవాళ్ళ పేర్లు చివర్లో కూడా వేయరు. టామ్ అండ్ జెర్రీకి అమెరికాలో దాచేవాళ్ళు వెయ్యిమంది ఉన్నారు. తెలుగు మాటలకి మనం కాకపోతే ఎవరున్నారు?

2009లో పిల్లల ఛానెల్ ఖుషి టీవీ వచ్చాక మన పిల్లలు జాకీ చాన్ కార్టూన్‌ని తెలుగులోనే చూశారు. ఆ రోజుల్లో రికార్డ్ చేసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి మీ పాత డిస్కులు, సీడీలు ఒకసారి వెతకండి.

కరీంనగర్_సాయి | మంగళవారం, సాయంత్రం 5:20

అక్కా, మీకు ప్రైవేట్ మెసేజ్ పెట్టిన. కార్టూన్ పేరు చెప్పండి, రెండు డిస్కులూ వెతుకుతా.

రాజోలు_శ్రీను | శుక్రవారం, రాత్రి 9:50

అప్‌డేట్. తొందరపడి ఒక క్యాసెట్ టౌన్‌లో కన్వర్ట్ చేసే షాపులో ఇచ్చాను. తెచ్చి చూస్తే టామ్ అడ్డంగా సాగిపోయి బస్తాలా ఉన్నాడు, కదిలినప్పుడల్లా దువ్వెన పళ్ళలా గీతలు. అదృష్టం కొద్దీ అది పెళ్ళి క్యాసెట్ల మధ్య ఉన్న రెండో కాపీ. అసలుది ఇంట్లోనే ఉంది. కిటికీలోంచి చూస్తే అంచున తెల్లగా సన్నటి గీత కనిపిస్తోంది. ఏం చేయాలి?

రీలుపిచ్చి | శుక్రవారం, రాత్రి 10:30

కంగారు పడకండి. అంచునే ఉందంటే చాలా వరకు బాగుచేయొచ్చు. ఐదు స్క్రూలు తీసి పైమూత మాత్రమే తెరవండి, తెరిచేముందు లోపల టేపు ఎలా తిరిగిందో ఫోటో తీసుకోండి. మాస్కు కట్టుకోండి, ఆ బూజు ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఆరుబయట, పొడిగా ఉన్న రోజు చేయండి. వేళ్ళతో టేపు ముట్టుకోవద్దు.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పాల్ కాబట్టి 720 బై 576 సైజులో, నాణ్యత ఏమాత్రం పోని (లాస్‌లెస్) పద్ధతిలో దాచండి. గంటకి 30 జీబీ దాకా పడుతుంది, పడనివ్వండి. ఆకారం నాలుగు బై మూడుగా ఉంచండి. ఆ దువ్వెన గీతలు తీయడం, రంగులు సరిచేయడం అన్నీ కాపీ మీదే చేయండి. అసలు ఫైలు జోలికి వెళ్ళొద్దు. వేగం కూడా మార్చకండి. అది కువైట్ క్యాసెట్, అలాగే ఉండాలి.

భయంగా ఉంటే నాకు ఆర్టీసీ కార్గోలో పంపండి, చేసి పంపిస్తాను. డబ్బులేమీ వద్దు.

రాజోలు_శ్రీను | శనివారం, ఉదయం 8:00

మీకే పంపిస్తానండీ. నా చేతులు వణుకుతున్నాయి.

రీలుపిచ్చి | తర్వాతి గురువారం, రాత్రి 11:40

శ్రీను గారి క్యాసెట్ అయిపోయింది. రెండు చోట్ల బొమ్మ చెదిరింది, మిగతాదంతా నిలబడింది. ఆ గొంతు లిలియన్ రాండాల్ఫ్‌దే. "థామస్" అనే కేకకి ముందు చిన్న నిట్టూర్పు ఉంది, హెడ్‌ఫోన్ పెట్టుకుంటేనే వినిపిస్తుంది. రెండో కార్టూన్ మధ్యలో ఎవరో పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినట్టున్నారు, నాలుగు సెకన్లు దూరదర్శన్ వాతావరణ వార్తలు వచ్చాయి. దాన్ని తీయలేదు.

రాజోలు_శ్రీను | శుక్రవారం, ఉదయం 6:15

వీసీపీలో రికార్డ్ ఉండదండీ. అంటే ఆ తర్వాత మావయ్య వీసీఆర్ తెచ్చాక జరిగింది. నొక్కింది నేనే. దెబ్బలు తిన్నాను కూడా. దయచేసి దాన్ని అలాగే ఉంచండి.

కరీంనగర్_సాయి | శుక్రవారం, రాత్రి 8:45

భ్రమరాంబ అక్కా, దొరికింది. రెండో డిస్కులో ఒక్కటే ఫైల్, 2010 మార్చి. మీకు పంపిన.

భ్రమరాంబ_కె | ఆదివారం, సాయంత్రం 6:10

నిన్న పిన్ని ఇంటికెళ్ళి టీవీకి పెట్టి వినిపించాను. మొదట గుర్తుపట్టలేదు. "ఎవరే, బాగా చెబుతోంది" అంది. ముసలావిడ దగ్గిన చోట మాత్రం సోఫాలోంచి ముందుకి వంగింది. "ఇది నేనే. ఆ రోజు జలుబు. దగ్గు పాత్రకి సరిపోయిందని డైరెక్టర్ గారు ఉంచేశారు" అంది. ఆ తర్వాత ప్రతి డైలాగూ తెర మీద కంటే ముందే చెప్పింది. డైరీ తెచ్చి చూస్తే ఒక్క మాట తేడా లేదు.

సాయి తమ్ముడూ, నీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఫైల్ 14వ నిమిషంలో ఆగిపోతోంది. కరెంట్ పోయినట్టుంది. ఆ మిగతా ఎనిమిది నిమిషాలు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. డైరీలో ఆ పేజీలు ఉన్నాయి. పిన్ని అడుగుతోంది.